చేతిలో గట్టి హ్యాండ్ ఉన్నప్పుడు ఎంత బెట్ వేయాలి? టోర్నమెంట్ పోకర్‌లో సైజింగ్ వెనక లెక్క

పోకర్ నేర్చుకునేవాళ్లు ఎక్కువగా బ్లఫ్ గురించే అడుగుతారు, ఎప్పుడు చేయాలి, ఎదుటివాడు చేస్తే ఎలా పట్టుకోవాలి అని. గట్టి హ్యాండ్ వస్తే ఎలా ఆడాలి అని అడిగేవాళ్లు తక్కువ, అది ఎలా ఆడినా గెలుస్తాంలే అనుకుంటారు. నాకు తెలిసి చిప్స్ ఎక్కువ పోయేది ఇక్కడే. పోవడం అంటే చేతిలోవి పోవడం కాదు, రావాల్సినవి రాకపోవడం, అది కంటికి కనపడదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పాకెట్ పెయిర్‌తో (చేతిలో ఒకే అంకె కార్డులు రెండు) ఫ్లాప్ (బోర్డు మీద పడే మొదటి మూడు కార్డులు) చూస్తే సెట్ (అదే అంకె మూడో కార్డు) తగిలేది దాదాపు ఎనిమిదిన్నర సార్లకి ఒక్కసారి. బ్లైండ్లు (కార్డులు చూడకముందే కట్టాల్సిన బెట్లు) ఆగకుండా పెరిగిపోయే టోర్నమెంట్లో అలాంటి అవకాశం వచ్చినప్పుడు ఎదుటివాడి స్టాక్‌లో (అతని ముందున్న మొత్తం చిప్స్‌లో) పావు వంతు తీసుకున్నామా, మొత్తం తీసుకున్నామా అన్నది చిన్న విషయం కాదు, తర్వాతి రెండు మూడు లెవెల్స్ ఎలా ఆడతామో అదే డిసైడ్ చేస్తుంది.

గట్టి హ్యాండ్ చూడగానే అందరికీ వచ్చే మొదటి ఆలోచన "పెద్దగా వేస్తే పారిపోతాడు, చిన్నగా వేసి లోపలికి లాగుదాం" అని. ఒక్కసారి లెక్క వేసి చూడండి. పాట్‌లో, అంటే మధ్యలో పడ్డ చిప్స్‌లో, 6 బ్లైండ్లు ఉన్నాయి, మన హ్యాండ్ దాదాపు ఎప్పుడూ గెలిచేదే, కాబట్టి ఎదుటివాడు ఫోల్డ్ అయినా (కార్డులు వదిలేసినా) ఆ 6 మనవే, మనం చూడాల్సింది అదనంగా ఎంత వస్తుందని. 2 వేస్తే వందలో 90 సార్లు కాల్ చేస్తాడు (తనూ అంతే వేసి ఆటలో ఉంటాడు), 6 వేస్తే వందలో 40 సార్లే చేస్తాడు అనుకుందాం. వినగానే 2 వేయడమే మంచిదనిపిస్తుంది, కానీ వంద సార్లకి కలిపి మొదటిదాంట్లో వచ్చేది 180 బ్లైండ్లు, రెండోదాంట్లో 240. మూడు రెట్లు పెద్ద బెట్ వేసినప్పుడు మూడో వంతు సార్లు కాల్ వచ్చినా చాలు, సమానం అయిపోయినట్టే. అంటే చిన్న బెట్‌కి 90 సార్లు చేసేవాడు పెద్ద బెట్‌కి 30 సార్లకన్నా తక్కువ చేస్తేనే చిన్నది కరెక్ట్ అవుతుంది, అంతలా పడిపోవడం మామూలు సిచువేషన్స్‌లో జరగదు. చాలామంది ఆటగాళ్లు ముందు తమ హ్యాండ్ నచ్చిందా లేదా అని చూసుకుంటారు, సైజు తర్వాత సంగతి, టాప్ పెయిర్ (బోర్డు మీద అన్నిటికన్నా పెద్ద కార్డుతో జత) తగిలినవాడు పాట్‌లో మూడో వంతుకి కాల్ చేస్తాడు, మూడింట రెండు వంతులకీ చేస్తాడు, ఏమీ తగలనివాడు రెండిటికీ ఫోల్డ్ అయిపోతాడు.

ఇది ఒక్క స్ట్రీట్ లెక్క మాత్రమే. స్ట్రీట్ అంటే ఒక బెట్టింగ్ రౌండ్, ఫ్లాప్ మీద ఒకటి, తర్వాత పడే టర్న్ కార్డు మీద ఒకటి, చివరి రివర్ కార్డు మీద ఒకటి. పాట్ ఒక స్ట్రీట్ నుంచి ఇంకో స్ట్రీట్‌కి గుణించుకుంటూ పెరుగుతుంది, కూడుకుంటూ కాదు, అసలు విషయమంతా అందులోనే ఉంది. సగం పాట్ వేసి కాల్ వస్తే పాట్ రెండింతలు అవుతుంది, ఫుల్ పాట్ వేసి కాల్ వస్తే మూడింతలు, మూడో వంతు వేస్తే ఒకటికి ఒకటిన్నర దాటి 1.67 అవుతుంది. మూడు స్ట్రీట్లూ ఇలా గుణించుకుంటూ పోతే చివరికి తేడా ఎక్కడికో వెళ్లిపోతుంది.

ఒక హ్యాండ్ తీసుకుందాం. ఇద్దరి దగ్గరా ఆంటీ పోను 40 బిగ్ బ్లైండ్లు. బిగ్ బ్లైండ్ ఆంటీ (బిగ్ బ్లైండ్‌లో కూర్చున్నవాడే అందరి తరఫున కట్టే అదనపు చిప్స్) ఉన్న టోర్నమెంట్, అంటే స్మాల్ బ్లైండ్ సగం, బిగ్ బ్లైండ్ ఒకటి, ఆంటీ ఒకటి కలిపి ఎవరూ ఏమీ చేయకముందే మధ్యలో 2.5 ఉంటుంది. కటాఫ్ (డీలర్‌కి ముందు సీటు) నుంచి మనం 88తో (రెండు 8లతో) 2.2కి రెయిజ్ చేశాం, బిగ్ బ్లైండ్ కాల్ చేశాడు. పాట్ 5.9, వెనక ఇద్దరికీ 37.8 మిగిలింది. ఫ్లాప్ కింగ్, 8, 5 పడింది, అందులో రెండు ఇస్పేట్లు. మనకి సెట్.

మూడు స్ట్రీట్లలోనూ మూడో వంతు వేసుకుంటూ పోతే ఫ్లాప్‌లో 2, టర్న్‌లో 3.3, రివర్‌లో 5.5. అన్నీ కాల్ వచ్చినా మొత్తం 10.8 లోపలికి వెళ్లింది, ఇంకా 27 బ్లైండ్లు ఎదుటివాడి దగ్గరే భద్రంగా ఉన్నాయి. అదే పాట్‌లో 70 శాతం చొప్పున వేస్తే ఫ్లాప్‌లో 4.1, టర్న్‌లో 9.9, రివర్‌లో మిగిలిన 23.8 ఆల్-ఇన్, మొత్తం 37.8 లోపల. రెండు లైన్లకీ ఫ్లాప్ మీద ఉన్న తేడా 2.1 బ్లైండ్లు అంతే, రివర్ అయ్యేసరికి అది 27 బ్లైండ్లు అయింది. నా దృష్టిలో ఈ ఒక్క లెక్క మనసుకి ఎక్కితే సైజింగ్‌లో సగం సమస్య తీరిపోతుంది, ఎందుకంటే ఫ్లాప్‌లో చిన్నగా వేసి "రివర్‌లో పెద్దది వేద్దాంలే" అనుకుంటే అప్పటికి పాట్ చిన్నగా ఉండిపోయి 16కి 33 వేయాల్సిన పరిస్థితి వస్తుంది, అంత వేస్తే అవతలివాడికి అనుమానం రాక మానదు.

అందుకే గట్టి హ్యాండ్ ఉన్నప్పుడు లెక్క ఫ్లాప్ నుంచి ముందుకి కాదు, రివర్ నుంచి వెనక్కి వేసుకోవాలి. రివర్‌లో ఆల్-ఇన్ మామూలు సైజులో పడాలంటే టర్న్‌లో ఎంత ఉండాలి, దానికి ఫ్లాప్‌లో ఎంత ఉండాలి అని. ప్రతి స్ట్రీట్‌లోనూ పాట్‌లో అదే వంతు వేస్తూ రివర్‌కి స్టాక్ సరిగ్గా అయిపోయేలా వేసే సైజుని జియోమెట్రిక్ సైజ్ అంటారు. దీన్ని కనుక్కోవడం కష్టం కాదు, మొత్తం ఆల్-ఇన్ అయితే చివరి పాట్ ఇప్పటి పాట్‌కి ఎన్ని రెట్లు అవుతుందో చూడాలి, మూడు స్ట్రీట్లు మిగిలి ఉంటే దాని ఘనమూలం, రెండే ఉంటే వర్గమూలం తీయాలి, అందులోంచి ఒకటి తీసేసి సగం చేస్తే అదే సైజు. ఉదాహరణకి పాట్ 10, వెనక 40 ఉన్నాయి, ఆల్-ఇన్ అయితే చివరి పాట్ 90, అంటే 9 రెట్లు. రెండు స్ట్రీట్లే ఉంటే వర్గమూలం 3, ఒకటి తీసేసి సగం చేస్తే 1, అంటే రెండు స్ట్రీట్లూ ఫుల్ పాట్ వేయాలి. అదే మూడు స్ట్రీట్లుంటే 9కి ఘనమూలం 2.08, అంటే పాట్‌లో 54 శాతం చాలు. టేబుల్ దగ్గర కూర్చుని ఘనమూలాలు ఎవరూ తీయరు, తీయక్కర్లేదు కూడా, వెనక ఉన్న స్టాక్ పాట్‌కి 4 రెట్లుంటే మూడుసార్లు సగం కాస్త పైన, ఒకటిన్నర రెట్లుంటే రెండుసార్లు సగం, 13 రెట్లుంటే మూడుసార్లు ఫుల్ పాట్, ఈ మూడు గుర్తుంటే మధ్యలోవి అంచనా వేసుకోవచ్చు.

టోర్నమెంట్ ఇక్కడే క్యాష్ గేమ్ కన్నా వేరు అవుతుంది. క్యాష్‌లో స్టాక్ 100 బ్లైండ్లకి తగ్గితే మళ్లీ నింపుకుంటారు, టోర్నమెంట్లో మొదటి లెవెల్‌లో 100 ఉన్నవి గంటలు గడిచేకొద్దీ 40, 20, 12 అవుతాయి, చిప్స్ అవే ఉన్నా సరే. పైన చెప్పిన పాట్ 5.9నే తీసుకుంటే, 100 బ్లైండ్లతో మొదలైన హ్యాండ్‌లో మూడు స్ట్రీట్లలో మొత్తం లోపలికి వెళ్లాలంటే ప్రతిసారీ పాట్‌కి 112 శాతం వేయాలి. 40 ఉంటే 70 శాతం. 20 ఉంటే 46. 15 ఉంటే 37 చాలు. అందుకే టోర్నమెంట్ చివర్లో మంచి ఆటగాళ్లు పాట్‌లో మూడో వంతు వేస్తూ కనిపిస్తారు, వాళ్లని చూసి మొదటి లెవెల్స్‌లో కూడా అదే సైజు వేసేవాళ్లు ఉంటారు. వాళ్లు చిన్నగా వేస్తున్నది భయపెట్టకూడదని కాదు, ఆ స్టాక్‌కి అది చాలు కాబట్టి. అదే మూడో వంతు 100 బ్లైండ్ల స్టాక్ మీద వేస్తే సెట్‌తో కూడా పదో వంతు తీసుకుని బయటికి వస్తాం.

ఇంకో మాట, గట్టి హ్యాండ్ అంటే ఏది అన్నది కూడా స్టాక్‌ని బట్టే ఉంటుంది. 15 బ్లైండ్లున్నప్పుడు టాప్ పెయిర్ మంచి కిక్కర్‌తో (చేతిలో జత కాని రెండో కార్డు పెద్దదై) ఉంటే అది ఆల్-ఇన్ హ్యాండే, సందేహం లేదు. అదే 100 బ్లైండ్లున్నప్పుడు అదే టాప్ పెయిర్‌తో మూడు స్ట్రీట్లూ పెద్దగా కొట్టి మొత్తం లోపలికి పంపితే కాల్ చేసేవి ఎక్కువగా మనల్ని ఓడించే హ్యాండ్లే. కాబట్టి బెట్ వేసే ముందు "నా హ్యాండ్ ఎంత గొప్పది" అని కాదు, "ఎన్ని స్ట్రీట్ల వాల్యూ మోయగలదు" అని అడగాలి. సెట్, స్ట్రెయిట్ (వరసగా ఐదు కార్డులు) మూడు స్ట్రీట్లు మోస్తాయి. టాప్ పెయిర్ చాలాసార్లు రెండే, అప్పుడు ఒక స్ట్రీట్ చెక్ చేయడమో (బెట్ వేయకుండా ఊరుకోవడమో), రెండుసార్లు మధ్యస్థంగా వేయడమో సరిపోతుంది. అన్నట్టు స్టాక్ అంటే ఎప్పుడూ ఇద్దరిలో తక్కువ ఉన్నవాడిదే, మన దగ్గర 80 ఉన్నా అతని దగ్గర 14 ఉంటే ఆ హ్యాండ్ 14 బ్లైండ్ల హ్యాండే.

ఇక ఎదుటివాడి రేంజ్, అంటే అతని దగ్గర ఉండగల హ్యాండ్లన్నిటి సంగతి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. కింగ్, 7, 2, మూడూ వేర్వేరు రంగులు, డ్రాలు (ఇంకో కార్డు పడితే పూర్తయ్యే హ్యాండ్లు) ఏమీ లేని బోర్డు అనుకోండి. మన చేతిలో రెండు కింగ్‌లు ఉంటే అది టాప్ సెట్, అంతకన్నా పెద్ద హ్యాండ్ లేదు. కానీ ఎదుటివాడి కోసం డెక్‌లో మిగిలిన కింగ్ ఒక్కటే. అతనికి కింగ్-క్వీన్ ఉండే మార్గాలు ఆ ఒక్క కింగ్‌కి నాలుగు క్వీన్‌లు, మొత్తం 4. అదే మన చేతిలో 77 ఉంటే మూడు కింగ్‌లు మిగిలి ఉంటాయి, కింగ్-క్వీన్ 12 రకాలుగా ఉండొచ్చు, కింగ్-జాక్ ఇంకో 12, ఇలా టాప్ పెయిర్లు మూడు రెట్లు ఎక్కువ. అంటే టాప్ సెట్‌తో ఉన్నప్పుడు అతని దగ్గర ఏమీ లేకపోవడమో చిన్న పెయిర్ ఉండడమో ఎక్కువ జరుగుతుంది, వాటి నుంచి ఏదైనా రావాలంటే చిన్న బెట్, ఒక్కోసారి చెక్. కింద సెట్‌తో ఉన్నప్పుడు అతనికి కింగ్ తగిలి ఉండే ఛాన్స్ ఎక్కువ, అప్పుడు ధైర్యంగా పెద్దది వేయొచ్చు. హ్యాండ్ ఎక్కువ గట్టిదైనచోట బెట్ చిన్నది, కాస్త తక్కువదైనచోట పెద్దది, మొదటిసారి వింటే వింతగా ఉంటుంది గానీ బెట్ సైజు మన హ్యాండ్‌ని చూసి పెట్టేది కాదు, దానికి డబ్బు కట్టే హ్యాండ్లని చూసి పెట్టేది, అలా చూస్తే ఇందులో వింతేమీ లేదు.

డ్రాలు ఉన్న బోర్డుల మీద ఇంకో లెక్క తోడవుతుంది. ఎదుటివాడికి రెండు ఇస్పేట్లు ఉండి ఫ్లష్ (ఒకే రంగువి ఐదు కార్డులు) కోసం చూస్తున్నాడు, టర్న్ కార్డు ఇస్పేట్ కాలేదు. అతనికి కనపడని కార్డులు 46, అందులో 9 ఇస్పేట్లు, అంటే 20 శాతానికి కాస్త తక్కువ. మనం మూడో వంతు వేస్తే కాల్‌కి కావాల్సింది సరిగ్గా 20 శాతమే, రివర్‌లో తగిలితే ఇంకా గెలుచుకునే చిప్స్ కూడా కలుపుకుంటే అది అతనికి లాభమైన కాల్. సగం పాట్ వేస్తే 25 శాతం కావాలి, ఫుల్ పాట్ వేస్తే 33. అలా వేస్తే వెళ్లిపోతాడేమో అంటారు, కొందరు వెళ్తారు, చాలామంది వెళ్లరు, ఫ్లష్ డ్రా వదిలేయడం మనిషికి అంత తేలిక కాదు. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే డ్రాతో ఉన్నవాడి చిప్స్ ఫ్లాప్‌లో, టర్న్‌లోనే వస్తాయి. రివర్‌లో తగలకపోతే ఒక్క చిప్ కూడా ఇవ్వడు, తగిలితే మన దగ్గరే తీసుకుంటాడు. అందుకే తడి బోర్డు (డ్రాలు ఎక్కువున్న బోర్డు) మీద సెట్ పట్టుకుని టర్న్‌లో చెక్ చేసి "ఉచ్చు వేశాను" అనుకోవడం నాకు అస్సలు నచ్చని ఆట, ఎక్కువ డబ్బు వచ్చే స్ట్రీట్‌నే ఫ్రీగా ఇచ్చేసినట్టు.

పాట్‌ కన్నా పెద్ద బెట్, ఓవర్‌బెట్ సంగతి చూద్దాం. 2017 జనవరిలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ల లిబ్రాటస్ అనే ప్రోగ్రామ్ నలుగురు ప్రొఫెషనల్ ఆటగాళ్లతో హెడ్స్-అప్ నో-లిమిట్ (ఇద్దరే ఆడే, బెట్‌కి పరిమితి లేని ఆట) 1,20,000 హ్యాండ్లు ఆడి గెలిచింది. ఆ మ్యాచ్‌లో అందరూ మాట్లాడుకున్న విషయం అది వేసిన భారీ ఓవర్‌బెట్లు, చిన్న పాట్‌లోకి కూడా కొన్ని రెట్లు వేసేది. మనిషి ఆటగాళ్లు అప్పటిదాకా ఎక్కువగా సగం నుంచి ఫుల్ పాట్ మధ్యలోనే తిరిగేవాళ్లు. దాని వెనక ఉన్న ఆలోచన ఇది: ఎదుటివాడు టర్న్‌లో రెయిజ్ చేయకుండా కాల్ మాత్రమే చేస్తే అతని దగ్గర పెద్ద హ్యాండ్లు ఉండే అవకాశం తగ్గిపోతుంది, ఉంటే టర్న్‌లోనే రెయిజ్ చేసేవాడు కాబట్టి. అతని రేంజ్‌కి పైన మూత పడింది. మన రేంజ్‌లో మాత్రం సెట్లు, స్ట్రెయిట్లు ఉన్నాయి. అలాంటప్పుడు పాట్‌కి ఒకటిన్నర, రెండు రెట్లు వేస్తే అతని టాప్ పెయిర్లన్నీ ఇబ్బందిలో పడతాయి. రెండు రెట్ల బెట్‌కి కాల్ చేయాలంటే 40 శాతం సార్లు గెలవాలి, కాబట్టి మన బెట్లలో 40 శాతం దాకా బ్లఫ్‌లు ఉండొచ్చు, ఆ బ్లఫ్‌లు ఉంటాయని అతనికి తెలిస్తేనే గట్టి హ్యాండ్‌కి కాల్ వస్తుంది. బ్లఫ్ అస్సలు చేయనివాడు ఓవర్‌బెట్ వేస్తే మంచి ఆటగాడు కార్డులు పారేసి పక్కకి తిరుగుతాడు. అయితే ఆ మ్యాచ్‌లో ప్రతి హ్యాండ్‌కీ స్టాక్‌లు మళ్లీ 200 బ్లైండ్లకి వచ్చేవి, 25 బ్లైండ్ల టోర్నమెంట్ స్టాక్‌తో ఆ ఆట యథాతథంగా దించేయడానికి కుదరదు, అంత స్టాక్ వెనక ఉండదు.

ఇప్పుడు టోర్నమెంట్‌కే ప్రత్యేకమైన విషయానికి వద్దాం, ఐసీఎం (ఇండిపెండెంట్ చిప్ మోడల్), అంటే చిప్స్‌ని ప్రైజ్ విలువలోకి మార్చే లెక్క. టోర్నమెంట్లో చిప్స్ రెట్టింపు అయితే మన ప్రైజ్ విలువ రెట్టింపు అవ్వదు, ఎందుకంటే మొత్తం చిప్స్ గెలిచినవాడికి కూడా మొత్తం ప్రైజ్ ఇవ్వరు, మిగతా స్థానాలకి పంచుతారు. ఒక లెక్క చూద్దాం. ముగ్గురు మిగిలారు, ప్రైజ్ 100 యూనిట్లు, మొదటి స్థానానికి 50, రెండోదానికి 30, మూడోదానికి 20. చిప్స్‌లో పెద్దవాడి దగ్గర 50 శాతం, మధ్యవాడి దగ్గర 30, చిన్నవాడి దగ్గర 20. ఐసీఎం ప్రకారం వీళ్ల విలువలు 38.4, 32.75, 28.9 వస్తాయి.

మధ్యవాడు పెద్దవాడి ఆల్-ఇన్‌కి కాల్ చేశాడు. ఓడితే మూడో స్థానం, 20 తీసుకుని ఇంటికి, అంటే 12.75 పోయింది. గెలిస్తే చిప్స్ 60 శాతం అవుతాయి కానీ విలువ 41 మాత్రమే, అంటే వచ్చింది 8.25. పోయేది వచ్చేదానికన్నా ఒకటిన్నర రెట్లు పైన. చిప్స్ లెక్కలో 50 శాతం గెలిస్తే చాలనుకునే కాల్‌కి ఇక్కడ 61 శాతం కావాలి. అదే పెద్దవాడి వైపు నుంచి చూడండి, ఓడితే 8.9 పోతుంది, గెలిస్తే 7.6 వస్తుంది, అతనికి 54 చాలు, ఓడినా ఇంకా టేబుల్ మీదే ఉంటాడు కాబట్టి. ఒకే పాట్, ఒకే చిప్స్, ఇద్దరికీ దాని బరువు వేరు.

బెట్ సైజింగ్‌కి దీనితో సంబంధం ఏంటంటే, ఈ దశలో మన బెట్‌కి కాల్ చేసే హ్యాండ్ల లిస్టే మారిపోతుంది. మామూలప్పుడు ముప్పావు పాట్‌కి కాల్ చేసే టాప్ పెయిర్ బలహీన కిక్కర్ ఇప్పుడు ఫోల్డ్. మధ్యస్థ స్టాక్ ఉండి, పక్కన తనకన్నా తక్కువ స్టాక్‌తో ఎవరో కొన ఊపిరితో ఉంటే మరీ జాగ్రత్తగా ఉంటాడు, ఇంకొకడు ముందు పోతే తనకి ఒక మెట్టు పైకి వస్తుంది. మొదట్లో చెప్పిన లెక్క గుర్తుందా, పెద్ద బెట్‌కి కాల్స్ మూడో వంతుకన్నా కిందకి పడిపోవడం మామూలుగా జరగదని, ఇదిగో ఇక్కడ జరుగుతుంది. అందుకే ఫైనల్ టేబుల్స్‌లో, బబుల్ దగ్గర (ప్రైజ్ స్థానాలు మొదలవడానికి కాస్త ముందు) పాట్‌లో పావు వంతు, మూడో వంతు బెట్లు ఎక్కువ కనిపిస్తాయి. శాటిలైట్లలో (పెద్ద టోర్నమెంట్‌కి సీటు గెలుచుకునే చిన్న టోర్నమెంట్లలో) ఇది పరాకాష్ఠకి వెళ్తుంది, అందరికీ ఒకే ప్రైజ్, ఇంకొక్కడు పోతే చాలు అన్నప్పుడు ప్రీఫ్లాప్‌లో (ఫ్లాప్‌కి ముందు) రెండు ఏస్‌లు కూడా ఫోల్డ్ చేయాల్సిన సందర్భాలుంటాయి, అలాంటివాడి ముందు ఆల్-ఇన్ పెట్టి వాల్యూ ఆశించడం వృథా. అదే ఎదుటివాడు మనకన్నా ఎక్కువ చిప్స్ ఉన్న లీడర్ అయితే అంత తగ్గించక్కర్లేదు, అతను మామూలు కన్నా కొంచెమే టైట్‌గా ఉంటాడు, మన హ్యాండ్ నిజంగా గట్టిదైతే అతని దగ్గరే వేగంగా కట్టించుకోవాలి.

చెక్ కూడా ఒక సైజే, సున్నా సైజు. 1988 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ చివరి హ్యాండ్ చాలామందికి తెలిసే ఉంటుంది, జానీ చాన్‌కి ఫ్లాప్‌లోనే స్ట్రెయిట్ తగిలింది, ఎరిక్ సైడెల్ దగ్గర క్వీన్ పెయిర్, చాన్ తన బలం బయటపెట్టకుండా రివర్ దాకా నెమ్మదిగా వెళ్లాడు, అక్కడ సైడెల్ తనే ఆల్-ఇన్ వేశాడు, చాన్ వరసగా రెండో ఏడాది టైటిల్ గెలిచాడు. దీన్ని చూసి స్లో ప్లే గొప్పదనుకునేవాళ్లు చాలామంది. కానీ అక్కడ ఉన్నది ఇద్దరే, హెడ్స్-అప్‌లో రేంజ్‌లు చాలా వెడల్పుగా ఉంటాయి, ఒక్క టాప్ పెయిర్ అంటేనే పెద్ద హ్యాండ్, రెండో స్థానం ప్రైజ్ ఇద్దరికీ ఖాయమైపోయింది కాబట్టి ఐసీఎం ఒత్తిడి అస్సలు ఉండదు, చిప్స్ విలువ డబ్బు విలువతో నేరుగా నడుస్తుంది. ఎదుటివాడు తనంతట తానే బెట్ వేసే మనిషి అయితే, మిగిలిన స్టాక్ ఒక్క బెట్‌లో పట్టేంత ఉంటే చెక్ అద్భుతంగా పనిచేస్తుంది. ఆరేడుగురు ఉన్న టేబుల్‌లో, 60 బ్లైండ్ల లోతులో, కాల్ చేయడం తప్ప బెట్ వేయడం తెలియనివాడి మీద అదే చెక్ వేస్తే పాట్ చిన్నగానే ఉండిపోతుంది.

ప్రీఫ్లాప్ గురించి పెద్దగా చెప్పేది లేదు. రెండు ఏస్‌లు వచ్చినా, జాక్-10 సూటెడ్ (రెండూ ఒకే రంగు) వచ్చినా ఓపెన్ సైజు (మొదటి రెయిజ్ సైజు) ఒకటే ఉండాలి, 2 నుంచి 2.3 మధ్య. ఏస్‌లు వచ్చినప్పుడు 3.5 వేసేవాడిని రెండు ఆర్బిట్లలో (టేబుల్ చుట్టూ రెండు రౌండ్లలో) టేబుల్ అంతా పసిగట్టేస్తుంది. రీ-రెయిజ్‌కి పొజిషన్ ఉంటే (ఎదుటివాడి తర్వాత ఆడే చోట ఉంటే) సుమారు మూడు రెట్లు, లేకపోతే నాలుగు, స్టాక్ 25 దగ్గరికి వస్తే ఇంకా చిన్నగా.

పోస్ట్‌ఫ్లాప్‌లో కూడా అదే సూత్రం కొంతవరకు వర్తిస్తుంది, ఒక బోర్డు మీద గట్టి హ్యాండ్‌తో 70 శాతం వేస్తే డ్రాలతో, కొన్ని బ్లఫ్‌లతో కూడా అదే 70 వేస్తూ ఉండాలి. కానీ ప్రతి ఒక్కరూ గమనిస్తున్నారని అనుకోవడం కూడా అతే, సైజు చూడకుండా కాల్ చేసేవాడి మీద మాత్రం బ్యాలెన్స్ గురించి ఆలోచించకుండా గట్టి హ్యాండ్‌తో ఎంత కడతాడో అంతా వేయడమే.

చివరగా మొదటి హ్యాండ్‌నే ఫైనల్ టేబుల్‌కి తీసుకెళ్లి చూద్దాం, పై విషయాలన్నీ ఎలా కలుస్తాయో అర్థమవుతుంది. మనం చిప్ లీడర్, చేతిలో 88, ఎదుటివాడు ఆంటీ పోను 20 బ్లైండ్ల మధ్యస్థ స్టాక్, పక్కన ఇంకొకడు 4 బ్లైండ్లతో ఉన్నాడు. ప్రీఫ్లాప్ 2.2, కాల్, పాట్ 5.9, అతని వెనక 17.8. బోర్డు అదే కింగ్, 8, 5. అతని దగ్గర కింగ్-జాక్ ఉందనుకోండి, పైన ముగ్గురి లెక్కలో వచ్చినట్టే అతనికి పోయేది వచ్చేదానికి ఒకటిన్నర రెట్లు బరువు అని ఉజ్జాయింపుగా తీసుకుందాం.

ఫ్లాప్‌లోనే ఆల్-ఇన్ పెడితే అతను 17.8 కట్టి 23.7 గెలవాలి. చిప్స్ లెక్కలో 43 శాతం కావాలి, ఒకటిన్నర రెట్ల బరువు కలిపితే 53 శాతం. కింగ్-జాక్‌తో చాలామంది ఇక్కడ కార్డులు వదిలేస్తారు, 4 బ్లైండ్లవాడు ముందు పోవాలని చూస్తారు. జియోమెట్రిక్ సైజు 46 శాతం అని ముందే చూశాం, కానీ ఈ సిచువేషన్‌లో ముందు స్ట్రీట్లలో దానికన్నా కాస్త తగ్గించి చివర్లో కాస్త పెంచడం నాకు మేలనిపిస్తుంది. ఫ్లాప్‌లో 2 వేస్తే కింగ్-జాక్ ఆలోచించకుండా కాల్ చేస్తుంది, పాట్ 9.9. టర్న్‌లో 4.5 వేస్తే కాసేపు ఆలోచించి కాల్ చేస్తుంది, పాట్ 18.9, అతని దగ్గర మిగిలింది 11.3. ఇప్పుడు రివర్‌లో ఆల్-ఇన్ అంటే పాట్‌లో 60 శాతం, 11.3 కట్టి 30.2 గెలవాలి, చిప్స్ లెక్కలో 27 శాతం, బరువు కలిపినా 36. ఫ్లాప్‌లో 53 శాతం అడిగిన అదే స్టాక్‌ని ఇప్పుడు 36 శాతానికి అడుగుతున్నాం, అప్పటికే 8.7 బ్లైండ్లు మధ్యలో పెట్టేసి టాప్ పెయిర్ చూసుకుంటున్నవాడు దాన్ని వదులుకోవడం చాలా కష్టం. మూడో ఇస్పేట్ పడితేనో, బోర్డు మీద నాలుగు కార్డులు వరసలో వచ్చేస్తేనో అప్పుడు రివర్‌లో మళ్లీ ఆలోచించాలి, అతని టాప్ పెయిర్‌కి అది భయం పుట్టిస్తుంది కాబట్టి ఆల్-ఇన్ బదులు పాట్‌లో పావు వంతు, అంటే 5 దాకా వేసి అదైనా కట్టించుకోవచ్చు.